నాతో కలిపి నలుగురం

ఆ ఆఫీసుల మేడలో అయిదు అంతస్తులకూ లిఫ్టు ఒక్కటే. దాన్ని నడిపేది తాత ఒక్కడే. లిఫ్టు లోపల, అద్దం పక్కన ఒక ఇత్తడి పలక ఉండేది. రోజూ పొద్దున్నే జేబురుమాలుతో తుడిచీ తుడిచీ తాత దాని అంచులు అరగదీశాడు గానీ అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. ‘నలుగురు మనుషులకు మాత్రమే.’ మూడే మూడు మాటలు. అందులో మొదటి మాట కోసం తాత ఇరవై ఆరేళ్లు కనిపించినవాళ్లందరితో తగువు పడ్డాడు.

తగువు పెద్దదేమీ కాదు. నలుగురంటే ఎవరు? జనం లెక్కలో ఎక్కేవాళ్లు నలుగురు, నడిపేవాడు వేరు. తాత లెక్కలో నడిపేవాడు కూడా లిఫ్టులోనే నిలబడతాడు, బయట గాల్లో వేలాడడు. అందుకని తనతో కలిపి నలుగురు. అంటే ఎక్కాల్సింది ముగ్గురే. ముగ్గురు ఎక్కగానే నాలుగోవాడి ముక్కుకు బెత్తెడు దూరంలో జాలీ తలుపు టపీమని మూసేసేవాడు.

ఆ నాలుగోవాడు ఎప్పుడూ ఆలస్యమైనవాడే, ఉరుకుల పరుగుల మీద వచ్చినవాడే. నాలుగో అంతస్తులో పళ్ల డాక్టరు ఉన్నాడు కాబట్టి ఒక్కోసారి దవడ వాచినవాడు కూడా. అలాంటివాడు చెంప పట్టుకుని మెట్లెక్కుతూ తాతను మనసారా తిట్టుకునేవాడు. నోరు బాగున్నవాళ్లు పైకే తిట్టేవాళ్లు. బస్సులో సీట్లు లెక్కపెట్టేటప్పుడు డ్రైవరును కలుపుతారా అని ఒకడు అడిగితే, బస్సు సంగతి వెళ్లి బస్సునే అడగమన్నాడు తాత. నువ్వెంత, నీ బరువెంత, నీకంటే నా గొడుగు బరువు అని ఇంకొకడు అంటే, అయితే గొడుగును ఎక్కించి నువ్వు నడిచి రమ్మన్నాడు. నిజానికి తాత అంత బక్కమనిషే. చొక్కా వేసుకుంటే చొక్కానే ముందు కనబడేది, కాసేపటికి లోపల తాత కనబడేవాడు.

ఈ పట్టుదలకు ఒక మూలం ఉంది. లిఫ్టు బిగించిన రోజున, కొత్తగా పనిలో చేరిన తాత ఆ పలకను కూడబలుక్కుని చదివి, బిగిస్తున్న పెద్ద మేస్త్రీని అడిగాడు, ఈ నలుగురూ నాతో కలిపా, నేను కాకనా అని. మేస్త్రీ పళ్ల మధ్య మేకు పట్టుకుని ఉన్నాడు. మేకు తీసి, “ఏం, నువ్వు మనిషివి కాదా?” అని, మళ్లీ మేకు నోట్లో పెట్టుకున్నాడు. ఆయన ఆ రోజే వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. తాతకు మాత్రం అదే చట్టం, అదే తీర్పు. ఎవరు వాదనకు దిగినా చివరికి ఆ మేస్త్రీ దగ్గరికే తీసుకొచ్చేవాడు. వినేవాళ్లకు అది జవాబులా అనిపించేది కాదు. తాతకు అంతకంటే పెద్ద జవాబు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొస్తే నాయనమ్మ దగ్గర ఇంకో నాలుగు ఉండేది. నాయనమ్మ నాలుగు ఎప్పుడూ నాలుగు కాదు. నాలుగు మెతుకులు తినమంటే గిన్నె ఖాళీ చేయాలి. నాలుగడుగులు వెళ్లొద్దామంటే చెప్పులు అరిగేదాకా నడవాలి. ఎదురింటావిడను నాలుగు మాటలు అనేసి వస్తానని వెళ్తే కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా రాదు. నాలుగు రోజులు ఓపిక పట్టు, పెద్ద ఇంటికి మారదాం అని ఆవిడ పెళ్లయిన కొత్తలో తాతకు చెప్పింది. ఆ నాలుగు రోజులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఉన్నది ఒకే గది, దానికి తోక లాగా ఒక వంటగది. గదికి అడ్డంగా తీగ కట్టి దుప్పటి వేలాడదీస్తే అటు కొడుకూ కోడలూ, ఇటు ముసలివాళ్లు, వాళ్ల కాళ్ల దగ్గర మనవరాలు. తాత పక్క గోడకూ బీరువాకూ మధ్య. అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే బీరువా. పగలంతా ఒక డబ్బాలో నిలబడి రాత్రి ఇంకో డబ్బాలో పడుకుంటానని నవ్వేవాడు. నవ్వు సగంలో ఆగిపోయేది.

వీటన్నిటి మీదా నాయనమ్మ ‘నలుగురు’ అనేవాళ్లున్నారు. తాత చిరుగు చొక్కాతో బయల్దేరితే “నలుగురూ చూస్తే ఏమనుకుంటారు” అనేది. గట్టిగా తుమ్మితే నలుగురూ నవ్వుతారనేది. లిఫ్టు దగ్గర తగువుల కబురు చెవిన పడినప్పుడల్లా నలుగురితో మంచిగా ఉండాలనేది. తాతకు ఒళ్లు మండేది.

“ఎవరే నలుగురు? ఒక్కడి పేరు చెప్పు, రేపు వెళ్లి అడిగొస్తా.”

“మనం కాక మిగతావాళ్లంతా నలుగురే. ఈ మాత్రం తెలీకుండా ఇన్నేళ్లు ఎలా బతికావయ్యా?”

తాతకు ఆవిడ మాటలో తప్పు వెతికితే దొరకలేదు. నలుగురూ ఏమనుకుంటారని ఎవరన్నా, ఆ నలుగురిలో అన్నవాళ్లు ఉండరు. వాళ్లు ఎప్పుడూ బయటే నిలబడి లోపలికి చూస్తుంటారు. లెక్కలో లేనివాడే వాళ్లకు భయపడతాడు. తనను కలుపుకుని నాలుగయ్యే చోటు ఈ భూమి మీద ఒక్క ఇత్తడి పలక కిందే ఉంది. దాన్ని ఎలా వదులుకుంటాడు?

అలాగని తాత లెక్కల్లో దిట్ట అనుకోవద్దు. జీతం వచ్చిన రోజున బేకరీ నుంచి బన్నులు తెచ్చేవాడు. ఇంట్లో ఉన్నది అయిదుగురు. తాత తెచ్చేది నాలుగు. కొడుక్కొకటి, కోడలికొకటి, నాయనమ్మకొకటి, మనవరాలికొకటి అని వేళ్లు మడిచి మరీ తెచ్చేవాడు. నాలుగు వేళ్లు మడిచాక బొటనవేలు ఒంటరిగా నిలబడి ఉండేది, దాని వంక చూసేవాడు కాదు. నీకేదని నాయనమ్మ అడిగితే, “అయ్యో, మర్చిపోయా. నాకొద్దులే” అనేవాడు. నాలుగో తరగతి మీద ప్రేమ కొద్దీ దాన్ని రెండుసార్లు చదివిన మనవరాలు కూడా ఈ విషయంలో తాతకు పాఠం చెప్పగలిగింది. లిఫ్టులో లెక్కకొస్తావు, ఇంట్లో రావెందుకు తాతా అని అడిగింది. అది వేరు, ఇది వేరు అన్నాడు తాత. ఎలా వేరో చెప్పలేదు, బన్ను ముక్క తుంచి పెడితే తిన్నాడు.

లిఫ్టు లోపల నాలుగడుగుల పొడుగు, మూడున్నర వెడల్పు. ఒక మూల మీట, మీట పక్కన తాత స్టూలు. నెత్తి మీద ఒక బల్బు, తిరిగినప్పుడు మూలిగే ఫ్యాను. అందులో తాతకు లోకం ముక్కలు ముక్కలుగా కనబడేది. పైకి వెళ్లేటప్పుడు జాలీలోంచి ముందు తలలు కనబడేవి, తర్వాత బొజ్జలు, చివర చెప్పులు. కిందికి దిగేటప్పుడు ముందు చెప్పులు, చివర తలలు. మొహం చూడకుండానే ఎవరొచ్చారో చెప్పేవాడు. అయిదు అంతస్తుల మీద డాబా ఉందని, అక్కడ నిలబడితే అల్లంత దూరంలో నది కనబడుతుందని వచ్చేపోయేవాళ్లు చెప్పుకుంటుంటే వినేవాడు. లిఫ్టు అక్కడిదాకా పోదు. పద్దెనిమిది మెట్లెక్కాలి. లిఫ్టు వదిలి ఒక్క నిమిషం కూడా కదలకూడదని రూలు. ఒంటేలుకు వెళ్లాలన్నా భోజనాల గంట కొట్టాలి. ఇరవై ఆరేళ్లలో తాత ఎంత దూరం ప్రయాణం చేశాడో గానీ, పొద్దున ఎక్కిన చోటే సాయంత్రం దిగాడు.

అలాంటి తాత మీదికి కొత్త మేనేజరు వచ్చాడు.

మేనేజరు చెడ్డవాడు కాదు. చేతిలో కొలత టేపు ఉండటం వల్ల అన్నిటినీ కొలవాలనిపించేది, అంతే. మొదటి వారం మెట్లు కొలిచాడు, కిటికీలు కొలిచాడు. రెండో వారం లిఫ్టులోకి వచ్చాడు. అయిదో అంతస్తు వాళ్లు లిఫ్టు అందడం లేదని ఫిర్యాదు రాశారట. గోడ కొలిచి, స్టూలు కొలిచి, పలక ముందు ఆగాడు.

“తాతా, దీని మీద ఏం రాసుంది?”

“నలుగురు మనుషులని సార్. నాతో కలిపి.”

“నీతో కలిపి అని ఎక్కడుంది?”

తాత పెద్ద మేస్త్రీ కథ మొదలుపెట్టాడు. మేకు దగ్గరికి వచ్చేసరికి మేనేజరు ఆపేశాడు. ఆయన గొంతులో కోపం లేదు. చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టే చెప్పాడు.

“నువ్వు మనుషుల్లోకి రావు తాతా, లిఫ్టులోకి వస్తావు. ఇదిగో మీట ఉంది, ఫ్యాను ఉంది, నువ్వున్నావు. మీరంతా కలిస్తే లిఫ్టు. అందులో ఎక్కేది నలుగురు.”

సోమవారం నుంచి నలుగురూ ఎక్కాలన్నాడు. స్టూలు ఒక మనిషి చోటు తింటోంది కాబట్టి అది తన గదిలోకి పంపమన్నాడు. కుదరదంటే బలవంతమేమీ లేదు. మీట తీసేయించి బొత్తాలు పెట్టిస్తాడు. బొత్తాలు ఎవరు నొక్కినా పనిచేస్తాయి, వాటికి ఎవరి కథలూ తెలియవు.

ఆ సాయంత్రం తాత అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండిపోయాడు. ఏమైందని నాయనమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. మానేస్తానన్నాడు. మానేసి ఏం చేస్తావని ఆవిడ అడగలేదు, ఆ ప్రశ్న ఆయన మొహంలోనే ఉంది. లిఫ్టు నడపడం తప్ప ఇంకేదీ చేతకాదు. మోకాళ్లు పట్టేశాయి. కాపలా పనికి పోదామంటే కళ్లు ఆనవు. పగలంతా ఇంట్లో కూర్చుందామంటే, బీరువాకూ గోడకూ మధ్య ఉన్న చోటులో పగటిపూట కోడలి కుట్టు మిషను ఉంటుంది. ఇంకో నాలుగు రోజులు సర్దుకోమంది నాయనమ్మ. ఈసారి తాత ఆ నాలుగు రోజులు ఎన్నని అడగలేదు.

సోమవారం నలుగురు ఎక్కారు. తాతతో అయిదుగురు. తాత మీట పక్కన మూలలో నిలబడ్డాడు. ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో దిగింది, ఎవరి సంచో మొహానికి ఒరుసుకుంది. మీట తిప్పాడు. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు మూలుగుతుంది, ఇరవై ఆరేళ్ల తన మాట నిలబెడుతుంది అనుకున్నాడు. లిఫ్టు వెన్నలో కత్తిలా పైకి వెళ్లింది. అయిదో అంతస్తు దాకా చిన్న కిర్రుమన్న చప్పుడు కూడా చేయలేదు.

చూశావా తాతా, అనవసరంగా ఇన్నాళ్లు మా చేత మెట్లెక్కించావు అన్నారు దిగుతూ. ఆ రోజంతా అయిదుగురేసి వెళ్లారు, మర్నాడూ అంతే. లిఫ్టు కూడా అటువైపే చేరిపోయిందని తాతకు అర్థమైంది. పలక తుడవడం మానేశాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండటంతో పాదాలు పొంగేవి. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాయనమ్మ నలుగురి ఊసు కూడా మానేసింది. అడిగి తగువు పెట్టుకునేవాడు లేకపోతే ఆవిడకు మాత్రం ఏం బాగుంటుంది?

పన్నెండో రోజు మధ్యాహ్నం లిఫ్టు ఆగిపోయింది.

అప్పుడు అందులో ఉన్నది ముగ్గురే, తాతతో నలుగురు. అయిదో అంతస్తుకు వెళ్తున్న మేనేజరు, ఆ అంతస్తులోనే బీమా ఆఫీసు నడిపే పాలసీ మేడమ్, పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చిన దవడ వాచినాయన. మూడో అంతస్తు దాటి నాలుగోది సగం అందుకుంటుండగా పైన ఎక్కడో టప్పుమంది. బల్బు ఆరింది, ఫ్యాను మూలుగు ఆపింది. జాలీకి పైవైపు రెండడుగుల మేర నాలుగో అంతస్తు తలుపు, దాని కింద అంతా ఇటుక గోడ.

తాత మీట అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అది చచ్చిన చేపలా ఊగింది. అయిదుగురున్నప్పుడు ఆగలేదు, సరిగ్గా తన లెక్క ప్రకారం నలుగురున్నప్పుడే ఆగింది. ఇంతకంటే మోసం ఉంటుందా? మేనేజరుకూ అదే తోచినట్టుంది. చీకట్లో నవ్వి, నీ లెక్కకే ఆగిపోయింది చూడు తాతా అన్నాడు. పాలసీ మేడమ్ గట్టిగా కేకలేస్తే నాలుగో అంతస్తులో ఎవరో విన్నారు. మెకానిక్కుకు కబురు వెళ్లింది. ఆయన వచ్చేసరికి గంటా పది నిమిషాలు పట్టింది.

ఆ గంటా పది నిమిషాల్లో మొదటి పావుగంట జోకులయ్యాయి. తర్వాత పావుగంట చెమటలు. మేనేజరు టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. పాలసీ మేడమ్ చేతిసంచిలోంచి కాగితాలు తీసి విసురుకుంది. దవడాయన మాట్లాడలేడు గనక మూలిగేవాడు, ఆగిపోయిన ఫ్యాను లోటు తీర్చినట్టుగా ఉండేది. ముగ్గురికీ కాళ్లు లాగుతున్నాయి. “ఆ స్టూలన్నా ఉంటే బాగుండేది” అంది మేడమ్. స్టూలు ఎక్కడుందో తెలిసిన ఇద్దరూ చీకట్లో చెరో గోడ చూశారు. తాతకు మాత్రం కొత్తేమీ లేదు. ఈ గోడలు, ఈ ఉక్క, ఎటూ కదలలేని ఈ నిలబడటం, అన్నీ తెలిసినవే. మిగతావాళ్లకు ఇవాళ అయినది తనకు రోజూ అవుతూనే ఉందని ఒక్కసారి అనిపించింది.

చివరికి పైనుంచి మెకానిక్కు గొంతు వినిపించింది.

“లోపల ఎంతమందున్నారు?”

లిఫ్టులో ఎంతమందని ఎవరడిగినా ఇరవై ఆరేళ్లుగా జవాబు చెప్పేది తాతే. ఆ ప్రశ్న ఇంకా పూర్తికాకముందే తాత నోట్లోంచి జవాబు వచ్చేసింది.

“ముగ్గురు సార్.”

ఎవరూ కాదనలేదు. మేనేజరుకు ఆ మాటలో తప్పు వినబడలేదు. మేడమ్‌కు వినబడలేదు. దవడాయనకు తన నొప్పి తప్ప ఏదీ వినబడలేదు. తాతకు కూడా, ఆ క్షణాన, అది సరైన లెక్కలాగే ఉంది.

మెకానిక్కు నాలుగో అంతస్తు తలుపు తెరిచాడు. రెండడుగుల సందులోంచి వెలుతురు పడింది. సందు అందాలంటే ఏదన్నా ఎక్కాలి. ఎక్కడానికి లిఫ్టులో ఏమీ లేదు. తాత జాలీ తలుపు పక్కకు లాగి, చేతులు నేలకు ఆన్చి వంగాడు. ముందు దవడాయన ఎక్కాడు, చెప్పులు విప్పాలన్న ధ్యాస కూడా లేకుండా. తర్వాత మేడమ్, ఆవిడ చెప్పులు విప్పి, “ఏమనుకోకు తాతా” అని మరీ ఎక్కింది. చివర మేనేజరు. బూటు మడమ తాత వెన్నులో దిగబడి, ఒక్కసారి తిరిగి, పైకి లేచింది. పైన చేతులు ఆయన్ను లాగేసుకున్నాయి.

“ఒకటి, రెండు, మూడు. అందరూ వచ్చేశారు” అన్నాడు మెకానిక్కు. తలుపు మూసుకుంది.

తాత ఇంకా వంగే ఉన్నాడు. నడుము పట్టుకుని లేచేసరికి చీకటి. “సార్” అని పిలిచాడు. ముగ్గురున్న డబ్బాలో వినబడితే చాలని అలవాటైన గొంతు అది, లిఫ్టు కొలతకు కుట్టించినట్టు ఉంటుంది. చెక్క తలుపు దాటలేదు. జాలీని నాలుగైదుసార్లు కొట్టాడు. పైన మోటారు గదిలో మెకానిక్కు కూడా సుత్తితో కొడుతున్నాడు, ఏ చప్పుడు ఎవరిదో తెలియలేదు. కాసేపటికి పైన సుత్తి ఆగింది. మెట్ల మీద అడుగులు కిందికి వెళ్లిపోయాయి. ఏదో ముక్క కాలిపోయింది, కొనుక్కొచ్చి వేస్తాను, ఖాళీ లిఫ్టే కదా, తొందరేముంది అని మెకానిక్కు ఎవరితోనో అంటూ వెళ్లడం లీలగా వినిపించింది.

ఖాళీ లిఫ్టు. తాత గోడకు జారబడి నేల మీద చతికిలబడ్డాడు. ముగ్గురని ఎవరు చెప్పారు? మేనేజరు చెప్పి ఉంటే ఇక్కడే కూర్చుని పేగులు తెగేలా తిట్టుకునేవాడు. చెప్పింది తనే. ఎవరూ అడ్డు రాలేదు, ఎవరూ నోరు నొక్కలేదు. ఇరవై ఆరేళ్లు వచ్చినవాడికల్లా నేనూ ఒకణ్ణి అని చెప్పి, అవసరమైన ఒకే ఒక్కసారి తనను తానే వదిలేశాడు. వేళ్లు మడిచాడు. దవడాయన, మేడమ్, మేనేజరు. చీకట్లో నాలుగో వేలు తడిమి చూసుకున్నాడు. బన్నుల లెక్క గుర్తొచ్చింది. అది వేరు, ఇది వేరని మనవరాలికి చెప్పింది కూడా గుర్తొచ్చింది.

ఇంకోసారి అరుద్దామనుకున్నాడు. అరిచి ఏమని చెప్పాలి? తప్పు చెప్పాను, ఇంకొకడున్నాడు అనా? సిగ్గేసింది. వెన్నులో బూటు మడమ తిరిగిన చోట సలుపుతోంది. ఎంతసేపైందో తెలియదు. నీళ్లు లేవు, గడియారం కనబడదు. గాలి పలచబడినట్టు అనిపించింది. ఈ డబ్బాలో తను మీటలాగా, ఫ్యానులాగా బిగించి ఉన్నాడేమో, మేనేజరు కొలిచి చెప్పింది నిజమేనేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది.

కింద మేనేజరు గదిలో ముగ్గురూ చాలాసేపు ఫ్యాను కింద సేదదీరారు. మేనేజరు టీ కొట్టావిడకు ఫోను చేసి నాలుగు టీలు పంపమన్నాడు. ఆవిడే స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టింది. ముగ్గురూ తలొక గ్లాసూ తీసుకున్నారు. దవడాయన కూడా నోటికి ఒక పక్కగా పోసుకున్నాడు. జరిగింది చెప్పుకుని, మళ్లీ చెప్పుకుని, చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం ధైర్యంగా చెప్పుకున్నారు. టీ కొట్టావిడ ఖాళీ గ్లాసుల కోసం మళ్లీ వచ్చేసరికి నాలుగో గ్లాసు నిండుగా అలాగే ఉంది, పైన మీగడ కట్టింది.

“ఇదెవరిదండీ?” అంది ఆవిడ.

“ఎవరిదీ కాదు. నాలుగెందుకు తెచ్చావు?” అన్నాడు మేనేజరు.

“బాగుంది సంబడం. నలుగురం చచ్చి బతికాం, నాలుగు టీలు పంపు అని మీరే కదా అన్నది.”

మేనేజరు గ్లాసు వంక చూశాడు. తర్వాత మూలనున్న స్టూలు వంక చూశాడు, దాని మీద ఆయన ఫైళ్లున్నాయి. తర్వాత తన బూటు వంక చూసుకున్నాడు. మెకానిక్కు ముగ్గుర్ని లెక్కపెట్టాడు. పైకెక్కేటప్పుడు తన కాలి కింద ఉన్నదెవరు?

ఆయన మెట్లెక్కిన వేగానికి టేపు జేబులోంచి జారి మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోయింది. ఆగి తీసుకోలేదు. నాలుగో అంతస్తులో చేత్తో తలుపు లాగి, నేల మీద బోర్లా పడుకుని, సందులోంచి తల లోపలికి పెట్టాడు.

“తాతా. ఉన్నావా?”

జవాబు రాకపోతే మేనేజరు భుజాల దాకా లోపలికి దూరాడు.

“ఉన్నా సార్.”

“అరవలేదేం? ముగ్గురని ఎవడు చెప్పాడు వాడికి?”

“నేనే సార్.”

‘ముగ్గురు’ అన్న ఆ మాట మేనేజరు కూడా విన్నాడు. విని ఊరుకున్నాడు. చెయ్యి అందించాడు. తాత చెయ్యి ఎత్తితే వేళ్లు వేళ్లకు తగిలాయి గానీ పట్టు దొరకలేదు. వంగడానికి లోపల ఇంకో మనిషి లేడు. మేనేజరు వెనక్కి తిరిగి, కింద గదిలో ఉన్న స్టూలు పట్టుకురమ్మని కేకేశాడు. పాలసీ మేడమ్ ఫైళ్లు కింద పడేసి తనే మోసుకొచ్చింది. ఆవిడ వెనకాల చల్లారిన టీ గ్లాసుతో దవడాయన. స్టూలును పక్కకు వంచి సందులోంచి దింపారు. తాత రెండు చేతులతో అందుకుని, మీట పక్కన, దాని పాత చోటులోనే పెట్టాడు. నాలుగు కాళ్ల గుర్తులూ నేల మీద ఇంకా ఉన్నాయి.

పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

“ఎక్కు తాతా, ఎక్కి చెయ్యివ్వు” అన్నాడు మేనేజరు.

“ఒక్క నిమిషం సార్. దీని మీద కూర్చుని పన్నెండు రోజులైంది.”

దవడాయన గ్లాసు కిందికి అందించాడు. తాత మీగడ వేలితో పక్కకు తీసి, చల్లటి టీ తీరిగ్గా తాగాడు. మోకాళ్లు రుద్దుకున్నాడు. సందులోంచి పడుతున్న వెలుతురులో పలక కనబడింది. జేబురుమాలు తీసి, లేచి, దాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు తుడిచాడు. మళ్లీ కూర్చున్నాడు.

“సార్, ఈ స్టూలు?”

“ఇక్కడే ఉంటుంది తాతా.”

“మరి ఎక్కేవాళ్లు?”

మేనేజరు చెయ్యి టేపు కోసం జేబు తడిమింది. గడ్డం నేలకు ఆని ఉంది. ఆయనకు కొలవడానికి చేతిలో ఏమీ లేదు.

“సరే. ముగ్గురే.”

తాత గ్లాసు కింద పెట్టి స్టూలు ఎక్కి నిలబడ్డాడు. చెయ్యి పైకి చాచాడు గానీ, మేనేజరు వేళ్లకు అంగుళం దూరంలో ఆపాడు.

“ముగ్గురు కాదు సార్” అన్నాడు. “నలుగురం.”

“నలుగురం” అన్నాడు మేనేజరు.

అప్పుడు చెయ్యి ఇచ్చాడు.